టేకు పెట్టెకు రాని మోత

సాయంత్రం ఐదున్నరకు మామగారు గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో తడుముకుంటారు. ఆ చిన్న చప్పుడు చెవిన పడగానే ముందు గదిలో వడ్రంగి చేతిలో చిత్రిక ఆగిపోతుంది. తల ఎత్తడు. కళ్లు చెక్క మీదే ఉంటాయి. మనసు మాత్రం ఆ చెప్పుల వెంటే మెట్లు దిగి, వీధి దాటి, రెండు మలుపులు తిరిగి, తోడల్లుడి గడప దాకా వెళ్లి, లోపలికి పోలేక అక్కడే నిలబడిపోతుంది.

"వెళ్లొస్తానురా!" అంటారు మామగారు, వీధి వీధంతా వినపడేలా. చెవులు పోయినవాళ్లకు ఎదుటివాళ్ల చెవుల మీద కూడా నమ్మకం పోతుంది.

ఏడున్నరకు తిరిగి వస్తారు. ముఖం మీద నవ్వు ఇంకా ఆరకుండా ఉంటుంది. ఆ నవ్వుతోనే కంచం ముందు కూర్చుంటారు. నాలుగు ముద్దలు తినేసరికి అది ఇంకిపోతుంది. తిండి ఇక్కడ, నవ్వు అక్కడ. వడ్రంగికి మింగుడు పడనిది అదే.

అతన్ని ఎరిగినవాళ్లంతా మూలమట్టం అని పిలుస్తారు. మూలలు సరిగ్గా కుదిరాయో లేదో చూసే ఇనప పనిముట్టు పేరది. ఎవరింటికి వెళ్లినా కూర్చోమనేలోపు ఒక కన్ను మూసి వాళ్ల తలుపు వంక చూస్తాడు. వంకర కనిపిస్తే ఇక వాళ్లిచ్చిన టీ రుచించదు. పదహారో ఏట మామగారి దగ్గర పనికి చేరాడు. పన్నెండేళ్లకు ఆయన పెద్ద కూతుర్ని చేసుకున్నాడు. కూతుర్ని ఇచ్చినందుకు మామగారు, అంతకు ముందే ఉలి ఇచ్చినందుకు గురువు. అత్తగారు పోయాక ఆయన్ని తన ఇంటికి తెచ్చుకున్నప్పుడు, ఇంట్లోకి ఒక పెద్ద పాత యంత్రాన్ని, ఎవరూ తయారు చేయలేని యంత్రాన్ని, తెచ్చుకున్నంత గర్వపడ్డాడు.

నలభై ఏళ్లు చిత్రిక మిషను పక్కన నిలబడ్డ చెవులు ఆయనవి. ముందు పిట్టల అరుపులు పోయాయి. తర్వాత పిల్లల మాటలు, ఆ తర్వాత కూతుళ్ల గొంతులు. పైనుంచి ఒక్కో మెట్టూ ఊడిపోతున్న నిచ్చెనలో చివరికి అడుగు మెట్టు ఒక్కటే మిగిలింది. ఉరుము తెలుస్తుంది. లారీ వెళ్తే తెలుస్తుంది. మిగతా లోకమంతా పెదాలు ఆడించే బొమ్మలాట.

ఆ ఒక్క మెట్టు మీదే తోడల్లుడు కాలు మోపాడు.

తోడల్లుడు ఫ్రిజ్ మెకానిక్. చేతిలో స్క్రూడ్రైవరు, నోట్లో ఎప్పుడూ ఏదో జోకు. కొత్తగా కట్టే ఒక భవనంలో ఏసీ పెట్టడానికి వెళ్లి, అక్కడ గుండ్రటి స్తంభాలు పోతపోయడానికి వాడే దళసరి అట్టగొట్టం మిగిలిపోయి పడుంటే అడిగి తెచ్చుకున్నాడు. నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు. ఒక చివర పాత కారులోంచి పీకిన పదంగుళాల ఊఫరు, మోత పలికించే పెద్ద స్పీకరు, బిగించాడు. రెండో చివర రంపపు పొట్టు అట్టతో మూత వేసి, అందులోంచి గాలి పోవడానికి చేతి మందం ప్లాస్టిక్ పైపు దూర్చాడు. ఆ పైపును అంగుళం కోయడం, పాట పెట్టి వినడం, మళ్లీ అంగుళం కోయడం. ఎవరో పారేసిన హోమ్ థియేటర్ లోంచి ఆంప్లిఫయరు. కొన్నదల్లా నాలుగు స్క్రూలు, ఒక సిలికాన్ ట్యూబు. గొట్టాన్ని నేల మీద పడుకోబెట్టి, దొర్లకుండా రెండు ఇటుక ముక్కలు ఆనించాడు.

"ఇదేంటి, మొసలిని కన్నావా?" అన్నాడు వడ్రంగి, మొదటిసారి చూసినప్పుడు.

"నవ్వు అన్నయ్యా, నవ్వు. పాట వచ్చాక మాట్లాడు."

పాట వచ్చింది. పాత పాట. మోత నేల మీద నీళ్లు పారినట్టు గదంతా పాకింది. కిటికీ అద్దం సన్నగా వణికింది. అప్పుడే మామగారు కుర్చీలో కూర్చోబోతూ ఆసరాకు గొట్టం మీద చెయ్యి వేశారు. వేసిన చెయ్యి తియ్యలేదు. సగం వంగినవారు అలాగే ఉండిపోయారు.

"వినపడుతోంది," అన్నారు.

గట్టిగా అరవలేదు. మామూలు గొంతుతో అన్నారు. ఐదేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ ఎరగని గొంతు అది. పక్కన మనిషికి మాత్రమే చెప్పే గొంతు. చిన్న కూతురు పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెకానిక్ మొదటిసారి జోకు వెయ్యలేదు. వడ్రంగి మాత్రం గొట్టం చివర మూత సరిగ్గా గుండ్రంగా లేదని గమనించాడు. ఇంకేం చేయాలో తెలియక, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజు నుంచి అతనికి కావలసింది ఒక్కటే. ఆ మాట, ఆ గొంతుతో, తన ఇంట్లో వినాలి.

"దానికింత రగిలిపోవడం ఎందుకండీ," అంది భార్య. "నాన్న వెళ్లేది మా చెల్లెలింటికే కదా, శత్రువుల ఇంటికేం కాదుగా."

"నన్ను ఒరేయ్ అంటారు. వాణ్ని అల్లుడు గారూ, మీరు అంటారు. గమనించావా?"

"మిమ్మల్ని ఒరేయ్ అనేది మీరు ఆయన మనిషి కాబట్టి. అతన్ని గారు అనేది పరాయివాడు కాబట్టి."

"పరాయివాడి దగ్గరికి రోజూ ఎందుకు పోతారో మరి."

ఆమె కొంగు దులుపుకుని వంటగదిలోకి వెళ్లింది. అతనికి కావలసింది జవాబు కాదు.

అటక మీద ఎనిమిదేళ్లుగా దాచుకున్న టేకు చెక్క ఉంది. ఒక పాత భవనం కూల్చినప్పుడు తెచ్చిన ద్వారబంధాల ముక్కలు. ఎన్ని బేరాలొచ్చినా అమ్మలేదు. వాటిని దించాడు. అట్టగొట్టం పాడగా లేనిది టేకు పాడదా? చిత్రిక పడుతుంటే ముడతలు ముడతలుగా లేచిన పొట్టులోంచి పాత వాన వాసన వచ్చింది. పాత సామాన్ల కొట్లో ఊఫరు దొరికింది, సరిగ్గా తోడల్లుడి దాని సైజే. అర అంగుళం పెద్దది దొరకలేదని బాధపడ్డాడు.

"ఏంటది?" అంది భార్య, నాలుగో రోజు.

"పెట్టె."

"ఎవరికి?"

"ఒక పార్టీ ఆర్డరిచ్చింది."

"పెట్టెలో కుక్కడానికి నా దిండు కూడా కావాలని ఆ పార్టీయే అడిగిందా?"

దిండులోని దూది అప్పటికే పెట్టె లోపలి గోడలకు అంటుకుని ఉంది. మోత లోపల్లోపల కొట్టుకోకుండా దూది మెత్తించాలని తోడల్లుడి దగ్గరే విన్నాడు. విన్నట్టు కనపడకుండా విన్నాడు.

మూడు వారాలు పట్టింది. నాలుగు వైపులా టేకు చట్రాలు, చట్రాల గాడిలో కూర్చున్న టేకు పలకలు. ఒక్క మేకు లేదు. చట్రం మూలల్లో చెక్కలోకి చెక్క దూరి, వేళ్లలో వేళ్లు పెనవేసినట్టు నిలబడింది. పలకలకు మాత్రం జిగురు పెట్టలేదు. చెక్క బతికున్నదాని లెక్క, వానకు ఒళ్లు చేస్తుంది, ఎండకు చిక్కిపోతుంది, బిగించి జిగురు పెడితే ఏదో ఒక రోజు చీలుతుంది అని మామగారు అతనికి నేర్పిన మొదటి పాఠం. అందుకే పలక గాడిలో కాగితం మందం వదులుగా కూర్చోవాలి. ఊపిరి తీసుకోవాలి. ఆ కాగితం మందం కొలవడంలో అతన్ని మించినవాడు లేడు. పాలిష్ పెట్టాక పెట్టె సాయంత్రపు వెలుగులో తేనెలా నిలిచింది. దాని ముందు కూర్చుని, ఆ వెలుగు పోయేదాకా చూశాడు.

ఆదివారం మరదల్నీ తోడల్లుణ్ణీ పిలిచాడు. గెలుపుకు సాక్షులుండాలి కదా.

"అమ్మో, ఇది ఊఫరా, సింహాసనమా!" అన్నాడు మెకానిక్. నిజంగానే అన్నాడు. చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని, మూలలు చూసి, "అన్నయ్యా, నాకు పదేళ్లు నేర్పినా ఇలాంటి ఒక్క మూల చెయ్యలేను" అన్నాడు. అవతలివాడు చెడ్డవాడైతే ఈర్ష్య పడటం ఎంత సుఖంగా ఉంటుంది! ఈ మనిషి ఆ సుఖం కూడా దక్కనివ్వలేదు.

మామగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన అరచేతిని తనే తీసుకుని పెట్టె మీద పెట్టాడు. అదే పాట వేశాడు. అక్కడ వేసిన పాటే.

పెట్టె గొణిగింది. డబ్బాలో పడ్డ కందిరీగలా ఎక్కడో జుయ్యిమంది. నేల కదల్లేదు. కిటికీ అద్దం ఉలకలేదు, పలకలేదు. సౌండు పెంచాడు. కందిరీగ రెండైంది.

మామగారు ఓపిగ్గా కూర్చున్నారు. తల కొంచెం పక్కకు వంచారు. అరచెయ్యి ఇటు జరిపారు, అటు జరిపారు. కాసేపాగి, అల్లుడి ముఖంలోకి చూసి, వీధి చివరికి వినపడేలా అడిగారు.

"ఇంకా మొదలెట్టలేదా?"

గదిలో పాట మోగుతూనే ఉంది. ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

"వైరు తేడా ఉండుంటుంది," అంది మరదలు, సర్దిచెప్పడానికి.

మెకానిక్ పెట్టె పక్కన గొంతుక్కూర్చున్నాడు. పెట్టెకూ అమర్చిన గాలి పైపును గుడ్డతో మూసి, ఊఫరు మీద వేళ్లతో మెల్లగా నొక్కి వదిలాడు. అది టక్కున వెనక్కొచ్చింది. "మెల్లగా రావాలి," అన్నాడు తనలో తను. "వదినా, ఒక గిన్నెలో సబ్బు నురగ ఇస్తావా?"

ఫ్రిజ్జులో గ్యాసు ఎక్కడ కారుతోందో కనిపెట్టే పద్ధతి అది. అతని బతుకంతా గాలి చొరబడే సందుల్ని వెతికి మూయడమే. బ్రష్షుతో పలకల అంచుల వెంట నురగ పూసుకుంటూ పోయాడు. పాట మళ్లీ వేయగానే ఆ నురగ లేచింది. పైన, కింద, ఎడమ, కుడి, ప్రతి పలక చుట్టూ చిన్న చిన్న బుడగలు పుట్టి, పెరిగి, ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసి పగిలాయి. మోతగా గదిలోకి రావాల్సిన గాలంతా కాగితం మందం సందుల్లోంచి జారిపోతోంది. ఏ పలకకా పలక తన గాడిలో హాయిగా వణుకుతోంది.

అంత అందమైన అవమానం వడ్రంగి ఎన్నడూ చూడలేదు.

మామగారు ముందుకు వంగి ఒక బుడగను వేలితో తాకారు. అంచు వెంట గోరు పెట్టి లాగారు. అర్థమైంది. ముఖం విప్పారింది. అల్లుడి భుజం తట్టి అరిచారు.

"తలుపు చేశావురా! ఎంత మంచి తలుపు!"

మెకానిక్ నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి పారిపోయాడు. మరదలు నీళ్లు తాగే నెపం మీద అతని వెనకే వెళ్లింది. భార్య నవ్వలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఒక్క ట్యూబు సిలికాన్, అన్నయ్యా," అన్నాడు మెకానిక్ తిరిగొచ్చి, ముఖం తుడుచుకుని. "సందులన్నీ మూసేస్తే ఇది నా గొట్టాన్ని తినేస్తుంది."

"నా టేకుకు నువ్వు బంక పూస్తావా?"

"పోనీ గొట్టమే ఇక్కడికి తెచ్చి పెట్టేస్తాను. మామయ్యకు రోజూ నడిచే పని తప్పుతుంది."

"నా ఇంట్లో అట్టగొట్టమా! ఇదేమన్నా చిత్తుకాగితాల కొట్టా?"

"తెచ్చుకుంటే పోలా," అంది భార్య వాళ్లు వెళ్లాక. అతను పెట్టెలోంచి ఊఫరు విప్పేశాడు. ఆ చిల్లును గోడ వైపు తిప్పేశాడు. మర్నాటికి దాని మీద మడతపెట్టిన బట్టలు చేరాయి.

తర్వాతి నెలలో ఒక సాయంత్రం మామగారు ఆరు గంటలకే తిరిగొచ్చారు. ముఖం పొడిగా ఉంది. వెనకే మెకానిక్ వచ్చాడు, చేతిలో ఉబ్బిపోయిన రంపపు పొట్టు అట్ట పట్టుకుని.

"నేల తుడిచిన నీళ్లన్నీ ఇది తాగేసింది అన్నయ్యా. చూడు, బూరెలా అయింది. గొట్టం బొంగురుపోయింది. ఒక మూత కోసిపెట్టు. నేను కోస్తే గుండ్రం అనుకుని కోడిగుడ్డు చేస్తాను."

"చూస్తాలే. చేతిలో పనులున్నాయి."

"నీ వీలు చూసుకునే."

పనులేం లేవు. ఆ రాత్రి మామగారు ఇంట్లో ఉన్నారు. మర్నాడు సాయంత్రం ఐదున్నరకు చెప్పుల చప్పుడు లేదు. వడ్రంగి చిత్రిక ఆగకుండా సాగింది. వారం గడిచింది. మెకానిక్ ఫోను చేస్తే "రేపు" అన్నాడు. రేపటికి ఎల్లుండి అన్నాడు. తను గెలిచాడు. మామగారు తన ఇంట్లో, తన కుర్చీలో, తన కళ్ల ముందు.

రెండో వారంలో ఒక సాయంత్రం మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాడు. మామగారు వంటగదిలో ఫ్రిజ్ పక్కన నిలబడి ఉన్నారు. అరచెయ్యి ఫ్రిజ్ తలుపు మీద ఉంది. కళ్లు మూసుకుని ఉన్నారు. ఫ్రిజ్ గుర్రుమని ఆగింది. ఆయన చెయ్యి కిందికి జరిగింది, వెతుకుతున్నట్టు. కాసేపు ఎదురుచూశారు. తర్వాత వెళ్లి వాషింగ్ మిషన్ మీద పెట్టారు. అది నడవడం లేదు.

"పొద్దున మోటారు వేసినప్పుడు దాని పక్కన కూర్చున్నారు," అంది భార్య, మెల్లగా. ఆయన ముందు మెల్లగా మాట్లాడాల్సిన పని లేదు. అయినా మెల్లగానే అంది. "నాన్నను ఇంట్లో ఉంచుకున్నారుగా. ఇప్పుడు సంతోషమేనా?"

"నేనేం పట్టి ఆపానా?"

"మూత కోయడానికి మీకెంతసేపు పడుతుంది?"

అతను నీళ్లు తాగకుండానే పనిచోటుకు వచ్చాడు. ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్క తీసి బల్ల మీద వేశాడు. మెకానిక్ పంపిన కొలత ప్రకారం వృత్తం గీశాడు. గీశాక, పెన్సిలు కింద పెట్టకుండా, దాని లోపల ఇంకో వృత్తం గీశాడు. కాగితం మందం చిన్నది. ఎవరికీ కనపడదు. నురగ పూస్తే గాని తెలియదు, పూసినా ఒక ట్యూబు సిలికాన్ తో పోతుంది. పోయేదే. కానీ ఆ మూతను అమర్చే ఒక్క క్షణం తోడల్లుడి ముఖం వెలవెలబోతుంది. ఆ ఒక్క క్షణమైనా చాలనిపించింది.

రెండు గీతల మధ్య రంపం మొన ఆనించి నిలబడ్డాడు. లోపలి గీత పిలిచింది. వెళ్లాలనే అనుకున్నాడు. చెయ్యి బయటి గీత మీదికి వెళ్లింది. ముప్పై ఏళ్లుగా సరైన గీతను కోసిన చేతికి తప్పు కోయడం కొత్తగా నేర్పాలి. దానికి ఆ సాయంత్రం సరిపోలేదు. కోశాక, ఆకురాయితో అంచు తిప్పాడు. పైపు కోసం చిల్లు తీశాడు. ఆ చిల్లునూ అంతే గుండ్రంగా తీశాడు. ఒళ్లు మండిపోతుండగా తీశాడు.

మర్నాడు ఐదున్నరకు మామగారితో పాటు తనూ చెప్పులు వేసుకున్నాడు.

"కొలిచి చూసుకో," అన్నాడు వడ్రంగి, మూత చేతికిస్తూ.

"నువ్వు కోశాక కొలవడం ఏంటన్నయ్యా." మెకానిక్ మూతను గొట్టం నోట్లో పెట్టి అరచేత్తో నొక్కాడు. అది ఉస్సుమంటూ లోపలి గాలిని పైపులోంచి తోసేస్తూ, మెల్లగా, అంచుకు అంచు కలుపుకుంటూ దిగింది. సిలికాన్ ట్యూబు మూత తీసి పక్కన సిద్ధంగా పెట్టుకున్నవాడు, దాన్ని మళ్లీ మూసేశాడు. "దీనికి నురగ పెట్టడం పాపం," అన్నాడు.

పాట వేశారు.

ఈసారి మోత వేరుగా వచ్చింది. ఇంతకుముందు నీళ్లలా పారింది. ఇప్పుడు నీళ్లకు గట్టు కట్టినట్టు, ఒద్దికగా, ఎక్కడ ఆగాలో తెలిసి వచ్చింది. ప్రతి దెబ్బా విడివిడిగా నేలలోంచి లేచింది. వడ్రంగి అరికాళ్లకు అది తగిలింది. బాగుంది. ఎంత బాగుందంటే, కళ్లలో నీళ్లు తిరిగేంత కోపం వచ్చింది.

మామగారు ఎప్పటిలా గొట్టం వీపు మీద చెయ్యి వేశారు. కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యి జరుపుకుంటూ, జరుపుకుంటూ చివర దాకా వెళ్లారు. వేళ్లు అట్ట మీంచి చెక్క మీదికి ఎక్కాయి. వెనక్కి వచ్చాయి. మళ్లీ వెళ్లాయి. అతుకు ఎక్కడుందో దొరకలేదు. పైపులోంచి వచ్చే గాలి ఆయన మణికట్టు మీద వెంట్రుకల్ని ఊపుతోంది.

"ఎవరు కోశారు అల్లుడు గారూ?"

మెకానిక్ వేలితో చూపించాడు. మామగారు అటు తిరిగి చూశారు. లేచి, తను కూర్చున్న కుర్చీని రెండు చేతులా పట్టుకుని, నేల మీద గీసుకుంటూ లాక్కెళ్లి మూత పక్కన వేసుకున్నారు. కూర్చుని, అరచేతిని చెక్క మీద పూర్తిగా పరిచారు. ఇక కదల్లేదు.

"చూశావా అన్నయ్యా," అన్నాడు మెకానిక్ గుసగుసగా. "నా గొట్టానికి వీపు చూపించేశారు."

మరదలు టీ తెచ్చింది. వడ్రంగి వద్దన్నాడు. పనుందన్నాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఒకసారి వెనక్కి చూశాడు. మామగారి కళ్లు మూసుకుని ఉన్నాయి. ఎడమ చేత్తో మోకాలి మీద తాళం వేస్తున్నారు. కుడిచెయ్యి కింద ఆ ప్లైవుడ్ మూత, నిన్న సాయంత్రం తన బల్ల మీద పుట్టింది, వెచ్చగా, నింపాదిగా వణుకుతోంది. రేపు కూడా ఆ చెయ్యి దాని మీదే ఉంటుంది. ఎల్లుండి కూడా. అది ఎక్కడికీ పోదు, దానికి బేరాలు రావు, దాన్ని ఎవరూ ఇంటికి వెళ్లమనరు.

రెండు మలుపులూ అతను ఆ మూతను తిట్టుకుంటూనే నడిచాడు. ఇంటికొచ్చి చిత్రిక పట్టుకున్నాడు. కాసేపటికి, ఎవరూ చూడటం లేదు కదా అని, తన కుడి అరచేతిని తెరిచి చాలాసేపు చూసుకున్నాడు, అది తనకు చెప్పకుండా ఎక్కడికో వెళ్లొచ్చినట్టు.